మా అమ్మ సంగతి డాక్టరుకు చెప్పలేదు

ఆ రోజు పాకం మాడిపోయింది. చోడవరం దగ్గర మా పొలంలోనే చెరకు ఆడి బెల్లం వండుతాం. పెనం ఎప్పుడు దించాలో చెప్పడం నా పని. పద్దెనిమిదో ఏటి నుంచి ఒక్కసారీ తప్పు చెప్పలేదు. తొంభైల మొదట్లో ఒక ఉదయం పాకం ముదిరిపోవడం కళ్లారా చూస్తున్నాను, దించమనడానికి మాత్రం నోరు రాలేదు. పనివాళ్లు నా ముఖంకేసి చూస్తూ నిలబడ్డారు. మాడువాసనకి నాన్న పరుగెత్తుకొచ్చి దింపించాడు.

పెనం దగ్గర నిలబడి నిలబడి వేడి చేసిందన్నారు. బెల్లం వండేవాడికి ఏమొచ్చినా మా వైపు వేడే. తలకి ఆముదం, పొద్దున బార్లీ నీళ్లు, మధ్యాహ్నం మజ్జిగ. అలా రెండు నెలలు నన్ను చల్లబరిచారు. ఈలోగా తిండి పోయింది, నిద్ర పోయింది, గడ్డం గీసుకోవడం మానేశాను. చచ్చిపోతే బాగుణ్ణనిపించేది. అది ఎవరికీ చెప్పలేదు.

చివరికి విశాఖ తీసుకెళ్లారు. డాక్టరు రక్తపరీక్షలు, థైరాయిడ్ చూసి అన్నీ నార్మల్ అన్నాడు. ఇది డిప్రెషన్ అన్నాడు. ఫ్యామిలీ హిస్టరీ ఉందా అని నన్ను అడిగితే, నాన్న అందుకున్నాడు.

"మా ఇంట్లో అలాటిది ఎవులికీ నేదు బాబూ."

ఇమిప్రమిన్ అనే మందు రాశాడు. నోరు ఎండిపోయేది, లేస్తే కళ్లు తిరిగేవి. నెలన్నరకి ఆకలి తెలిసింది. మొదటిసారే కదా, ఇంట్లో ఎవరికీ లేదు కదా అని ఎనిమిది నెలలకి మందు తగ్గిస్తూ ఆపేశాడు. నాలుగు నెలలు తిరక్కుండా మళ్లీ పడ్డాను.

అప్పుడు నన్ను చూడడానికి చీడికాడ నుంచి మా పిన్ని వచ్చింది, అమ్మకి చెల్లెలు. నాకు అయిదేళ్లప్పుడు, చెల్లి ఇంకా చంటిపిల్లగా ఉండగా, అమ్మ నీళ్లు తోడుతూ జారి నూతిలో పడి పోయిందని నాకు చెప్పారు. అరుగు మీద గోడకి జేరబడి కూర్చున్న నన్ను చూసి పిన్ని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"మీ అమ్మా ఇలాగే కూకునీదిరా. అది జారిపడనేదు, దూకీసింది."

అమ్మమ్మ కూడా ఒక ఏడాదంతా గదిలోంచి బయటికి రాలేదట.

ఈసారి డాక్టరు దగ్గరికి ఒక్కణ్ణే వెళ్లి అంతా చెప్పాను. అమ్మ పోయాక నన్ను కొన్నాళ్లు మాడుగులలో మావయ్య ఇంట్లో, కొన్నాళ్లు రోలుగుంటలో అత్త ఇంట్లో తిప్పారని, ఏ ఇంట్లోనూ బట్టల సంచీ ముడి విప్పలేదని కూడా చెప్పాను. ఆయన కలం పక్కన పెట్టి విన్నాడు. ఇది కొంత జీన్స్‌లో వస్తుంది, కొంత చిన్నప్పుడు తగిలిన దెబ్బల వల్ల వస్తుంది, రెండూ కలిస్తే మెదడులో సెరటోనిన్ లాంటి కెమికల్స్ పని దెబ్బతింటుందని అనుకుంటున్నాం, పూర్తిగా మాకూ తెలీదు అన్నాడు.

"మీ తప్పు ఇందులో ఏమీ లేదు. ఈ మాట మొదటే చెప్పి ఉంటే మందు అంత తొందరగా ఆపేవాణ్ణి కాదు."

ఇంటికొచ్చి నాన్నని నిలదీశాను. చెల్లికి సంబంధం చూస్తున్నాం, అది కుదిరేదాకా నోరెత్తకు అన్నాడు. ఒళ్లు మండిపోయింది. అయినా నోరెత్తలేదు.

చెల్లి పెళ్లయింది. పురిటికి మా ఇంటికి వచ్చింది. నెల తిరిగాక, పాలకి ఏడుస్తున్న పిల్లని చూస్తూ కూర్చుంది తప్ప ఎత్తుకోలేదు. బాలింతకి చలవ చేసిందన్నారు. నాకేమో వేడి, దానికి చలవ. ఒంటికి వేడి పుట్టాలని బాలింత మందు, కాయం, తినిపించారు. నేను బావగారికి కబురు పెట్టి, నాన్న వద్దంటున్నా వినకుండా చెల్లిని బస్సెక్కించాను. ఆస్పత్రిలో డాక్టరమ్మ అదే ప్రశ్న అడిగింది. నాన్న అదే జవాబు చెప్పాడు, అల్లుడి ఎదురుగా, తడబడకుండా.

నేను చెప్పేశాను. అమ్మమ్మ, అమ్మ, నేను, అందరి సంగతీ.

చెల్లి బతికింది. తేరుకోవడానికి ఏడాది పట్టింది. బావగారు మంచివాడు, వదిలిపెట్టలేదు. వాళ్లమ్మ మాత్రం పిల్లని దాని చేతికి ఒంటరిగా ఇవ్వదు. నాన్న నాతో మాట్లాడడు. నేను మందు మింగుతూ పొలం చేసుకుంటున్నాను. నాన్న మీద కోపం ఇంకా పోలేదు. పూర్తిగా ఆయన మీదే చూపించే అర్హత నాకు లేదని చెల్లి తేల్చేసింది. ఒంట్లో బాగయ్యాక ఒకరోజు, కోపం లేకుండానే అడిగింది.

"నీకు ముందే తెలుసు కదన్నయ్యా, మరి నాకెందుకు సెప్పనేదు?"

సంబంధం చెడిపోతుందని అన్నాను.

"సమ్మందం నిలబడీది. నేను పోయీదాన్ని."

ఈ జబ్బు మీ ఇంట్లో ఉంటే డాక్టరుకు దాచకండి. డాక్టరు కంటే ముందు మీ తోడబుట్టినవాళ్లకి చెప్పండి, వాళ్లు బాగున్నప్పుడే చెప్పండి.