కవరు కింది చెమ్మ

మా ఇంటి సెల్లార్ గదికి నేల వేయించాలనుకున్నప్పుడు పాపకు పది నెలలు. నేను ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకుంటూ, పక్కనే పాపను ఆడించుకోవడానికి ఆ గది కావాలి. కింద ఉన్నది ఉత్త కాంక్రీటు. టైల్స్ అంటే నాకు భయం. పాప ఒకసారి హాల్లో వెనక్కి పడినప్పుడు తల టైలుకు తగిలిన చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది. అందుకని మెత్తగా ఉండే వినైల్ షీటు ఎంచుకున్నాను. దుకాణం నుంచి చెక్క రంగు ముక్క తెచ్చుకుని, మడమతో తొక్కి తొక్కి చూసుకున్నాను.

మేస్త్రీ ఒప్పుకోలేదు.

"సెల్లార్ల భూమి నుంచి చెమ్మ గుంజుతది అక్కా. షీటేస్తే అది బయటికి పోలేక కిందనే మురుగుతది. జర ఆరనిచ్చి టైల్సే ఎయ్యి. పాపకు పైన మందపు కొత్తవాడ జంపఖానా పరిస్తే సాలు."

నేను వినకపోయేసరికి ఒక ప్లాస్టిక్ కవరును కాంక్రీటు మీద పరిచి, నాలుగు అంచులకూ టేపు అంటించాడు. "రెండు దినాలు ముట్టకుండ్రి. కింద నీటి బొట్లు రాకుంటే నీ షీటే ఏస్త."

ఆషాఢానికి నాలుగు రోజులే ఉంది. "ఆషాఢం వడితే కొత్త పని మొదలువెట్టద్దు బిడ్డా, మల్ల శ్రావణమే" అంది అత్తమ్మ. నేను ఆఫీసు పనిలో తిరిగి చేరాల్సిన రోజు ఆషాఢంలోనే పడింది.

రెండో రోజు పొద్దున్నే దిగి చూస్తే కవరు లోపలంతా సన్నటి బొట్లు. నేను ఎక్కువసేపు ఆలోచించలేదు కూడా. టేపు ఊడదీసి, చున్నీతో తుడిచి, తడికి నల్లబడిన కాంక్రీటును టేబుల్ ఫ్యాను పెట్టి ఆరబెట్టి, మళ్లీ టేపు వేశాను.

మేస్త్రీ వచ్చి మోకాళ్ల మీద వంగి చూశాడు. "నువ్వే గెలిచినవక్కా" అని నవ్వాడు.

వానలు ముదిరాక షీటు అక్కడక్కడా ఉబ్బింది. గదంతా ఆరని బట్టల వాసన. పాపకు దగ్గు పట్టుకుంది. దవాఖానలో డాక్టరమ్మ, "పాప ఆడే చోట చెమ్మ ఉందా?" అని అడిగితే లేదన్నాను.

ఆ ఆదివారం మా ఆయన షీటు అంచు లేపి చూశాడు. కింద నల్లటి బూజు. మేస్త్రీని పిలిపించాడు.

"ఏం మేస్త్రీవయ్యా? చెమ్మ ఉన్నదో లేదో గూడ తెల్వదా?"

"సూసిన సార్. పొడిగనే ఉండె. నా కండ్లే మోసం జేసినయేమో." పైనుంచి పాప దగ్గు వినిపించింది. అతను తల దించుకున్నాడు. "పసిపిల్ల పానం. తప్పు నాదే."

అప్పుడిక ఉండలేకపోయాను. "నీ తప్పు కాదన్నా. బొట్లు వచ్చినయి. నేనే తుడిచిన."

మా ఆయన నన్ను చూసి, మేస్త్రీ ముఖం చూడలేక, మెట్లెక్కి వెళ్లిపోయాడు.

"జర చెప్తే ఏమైతుండె అక్కా?" అన్నాడు మేస్త్రీ. "శ్రావణం దాక ఆగుతుంటిమి. గంతే గదా."

ఆ రోజే షీటు పీకేశాడు. నేల కాస్త ఆరాక టైల్స్ వేస్తానని మళ్లీ కవరు అంటించి పోయాడు. నేను ఆఫీసు పని పడకగదిలోనే చేసుకుంటున్నాను. పాప అక్కడే, జంపఖానా మీద. రోజూ పొద్దున కిందికి దిగి, చేతులు వెనక్కి పెట్టుకుని కవరు చూస్తాను. శ్రావణం వెళ్లిపోయినా బొట్లు వస్తూనే ఉన్నాయి. ఉన్నది ఉన్నట్టు మేస్త్రీకి ఫోన్లో చెబుతున్నాను.

డాక్టరమ్మకే ఇంకా చెప్పలేదు. రేపు పదకొండింటికి పాపను తీసుకెళ్లాలి.