నవజ్యోతి తరఫున విన్నపం

జకర్యా బొగ్గుగనిలో పంపు ఆపరేటరు. గనిలో ఊరే నీటిని పైకి తోడించడం అతని పని. మాట తక్కువ. ఆదివారం ప్రార్థన అయ్యాక తెల్ల చొక్కా విప్పి మడతపెట్టి, పాత బనీను తొడుక్కుని, మణుగూరు దాటి ఇప్పలగూడెం పొలాల్లోకి వెళ్లేవాడు. అక్కడ ఫుట్‌బాల్ జట్టు అతని కోసం ఎదురుచూసేది.

జట్టు పేరు నవజ్యోతి. పాత కాలనీ ఉన్నప్పుడు అతనూ పగిడయ్యా కలిసి పెట్టిన క్లబ్బు. పగిడయ్యది ఇప్పలగూడెం. వెదురు కొట్టేవాడు, నవజ్యోతికి గోల్‌కీపరు. తర్వాత నేలను పైనుంచే తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్టు గని వచ్చింది. కాలనీ పోయింది, మైదానం పోయింది. కాలనీ వాళ్లు కొత్త క్వార్టర్లలో అదే పేరుతో ఇంకో క్లబ్బు పెట్టుకున్నారు. పల్లె వాళ్లు గోల్‌పోస్టులను పెరికి, ఎడ్లబండి మీద ఇప్పలగూడెం తెచ్చి పాతుకున్నారు. ఒక్క వారం కూడా ఆట ఆపలేదు. పేరు కోసం అప్పుడు ఎవరూ తగవు పడలేదు.

2008లో, ఇంటర్నెట్‌లో ఎవరైనా రాయగల విజ్ఞాన సర్వస్వంలో నవజ్యోతికి ఒక పేజీ వచ్చింది. జకర్యా భార్య ఫ్లోరెన్స్‌కు బస్టాండు దగ్గర నెట్ సెంటరు ఉంది. ఒకప్పుడు అది ఎస్టీడీ బూత్. ఆమే పిలిచి చూపించింది. గని విస్తరించాక పాత క్లబ్బు మూతపడిందని, కొత్త కాలనీ క్లబ్బే దానికి వారసుడని అందులో ఉంది. ‘మూతపడింది’ అన్న మాట దగ్గర జకర్యా చాలాసేపు ఆగాడు.

సరిదిద్దాడు. ఎవరో తీసేశారు. మళ్లీ రాశాడు. మళ్లీ తీసేసి, ఇది మీరొక్కరే అంటున్న మాట, ఆధారం చూపండి అన్నారు.

ఒక్కడి మాట అనేసరికి జకర్యాకు దారి దొరికినట్టయింది. గనిలో ఒక్కడు అడిగితే ఎవరూ వినరు. పదిమంది సంతకాలు కావాలి. సంతకం రాని వాడి పేరు పక్కవాడు రాస్తాడు. అతను దగ్గర నిలబడి ఉంటే చాలు. యూనియన్‌లో దాన్ని ఎవరూ తప్పు అనుకోరు.

ఆదివారం జట్టును ట్రాలీ ఆటోలో నెట్ సెంటరుకు తీసుకొచ్చాడు. ఒక్కొక్కరు వచ్చి అతని భుజం పక్కన నిలబడి పేరు చెప్పారు. జకర్యా ఆ పేరుతో ఖాతా తెరిచి ఒకటే మాట కొట్టాడు. నవజ్యోతి ఆగలేదు, ఇప్పలగూడెంలో ఆడుతూనే ఉంది. తన పేరు తెర మీద కనపడగానే పగిడయ్య దాని మీద వేలు పెట్టి చూశాడు.

తెల్లారేసరికి జకర్యా ఖాతాతో సహా అన్నిటినీ ఆపేశారు. కింద కారణం రాశారు. ఇవన్నీ ఒకే మనిషివి, దొంగ పేర్లు.

వాక్యం పోతే జకర్యా ఓర్చుకునేవాడు. ఇది ఓర్చుకోలేకపోయాడు. పగిడయ్యకు చెప్పక తప్పలేదు. అతను విని అడిగాడు.

“అంటే, మేం లేమా జకర్యన్నా?”

జకర్యా మళ్లీ నెట్ సెంటరుకు వెళ్లాడు.

నిషేధం మీద విన్నపం పెట్టుకునే వీలుంది. మొదటిది కోపంగా రాశాడు. మేము అబద్ధం కాదు, వచ్చి చూసుకోండి అన్నాడు. ఒకే కంప్యూటరు, ఒకే పూట, అవే మాటలు అని అక్కడి నిర్వాహకుడొకాయన జవాబిచ్చి తిప్పికొట్టాడు.

ఫ్లోరెన్స్ చదివి, “కొట్టింది నువ్వే గదా,” అంది.

“వాళ్లు పక్కనే ఉన్నరు.”

“ఉన్నరు. నేను గూడ చూసిన. చెయ్యి మాత్రం నీది. గా మాట దాచి తక్కినది నమ్మమంటే ఆయనెట్ల నమ్ముతడు?”

జకర్యా షిఫ్టుకు వెళ్లాడు. గనిలో పంపు పక్కన కూర్చుని మాటలు వెతుక్కున్నాడు. మర్నాడు వచ్చి రెండో విన్నపం రాశాడు.

“కొట్టిన చెయ్యి నాదే. వాళ్లకు టైపు రాదు. పక్కన నిలబడి పేర్లు చెప్పారు. మా గనిలో సంతకాలు ఇలాగే పెడతాం. మీ దగ్గర ఇది తప్పని తెలియదు. ఇకమీదట ఇంకొకరి కోసం కొట్టను. నన్ను ఆపి ఉంచండి, ఫరవాలేదు. వాళ్లవి దొంగ పేర్లు అన్న మాట ఒక్కటి తీసేయండి. పగిడయ్య ఉన్నాడు. మిగతా వాళ్లూ ఉన్నారు.”

జవాబు ఆలస్యంగా వచ్చింది. ముఖం తెలియని ఆ మనిషి నిషేధం ఎత్తేశాడు. అచ్చులో ఆధారం లేదు గనక క్లబ్బు పేజీ మారదని, జకర్యా దాని జోలికి వెళ్లకూడదని చెప్పాడు. దొంగ పేర్లు అన్న మాటను మాత్రం కొట్టేశాడు. ఆ పేర్ల కింద ‘వీరు వేర్వేరు వ్యక్తులు’ అని రాశాడు.

ఫ్లోరెన్స్ ఆ భాగాన్ని ప్రింటు తీసి ఇచ్చింది. ఆదివారం ఆటకు ముందు జకర్యా జట్టును కూర్చోబెట్టి విషయం చెప్పాడు.

“మూతపడ్డదనే ఉన్నదా ఇంకా?” అన్నాడు పగిడయ్య.

“అవ్.”

“ఉండనియ్. మేం ఉన్నమని ఒప్పుకున్నడా?”

“ఒప్పుకున్నడు.”

“అయితే సదువు.”

జకర్యా పేర్లు చదివాడు. పేరు వినపడ్డ ప్రతివాడూ చెయ్యెత్తాడు. ఎత్తమని ఎవరూ చెప్పలేదు. చివర ఒకడు మిగిలాడు. వీరబాబు, ముందువరసలో ఆడేవాడు. పేర్లు కొట్టిన ఆదివారం అతను అశ్వారావుపేటలో పామాయిల్ గెలలు కొయ్యడానికి పోయాడు.

“సారూ, నన్నెందుకు ఆపలే?” అని జకర్యాను అడిగాడు.

“తప్పు చేసినోణ్ణి ఆపుతరురా. నువ్వు కూలికి పోతివి, మంచోడివైతివి,” అన్నాడు పగిడయ్య. అందరూ నవ్వారు. వీరబాబు నవ్వలేదు.

“నా పేరు గూడ కొట్టు సారూ.”

“నేను కొట్టను. మాటిచ్చిన. నువ్వే రా, నీ చేత్తో కొట్టుకో.”

తర్వాతి ఆదివారం వీరబాబు నెట్ సెంటరుకు వచ్చాడు. అయిదో తరగతి దాకా చదివాడు. ఇంగ్లీషు అక్షరం నొక్కితే తెలుగు పడుతుందని ఫ్లోరెన్స్ చెప్పింది. ఒక్కో అక్షరాన్ని వెతుక్కుంటూ, క్లబ్బు పేజీ గురించి ఎవరైనా మాట్లాడుకునే చర్చ పేజీలో తన మాట మొదలుపెట్టాడు. నేను వీరబాబు. ఆ రోజు పనికి పోయిన.

తప్పులు పడుతున్నాయి. చెరుపుతున్నాడు. జకర్యా వెనకాల నిలబడి, రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని, చూస్తూ ఉన్నాడు.