చెయ్యని తప్పుకు సంతకం

పేటలో అందరికీ ఆమె తీగలక్క. భర్త పోయాక నిచ్చెన తనే భుజానికెత్తుకుని, స్తంభాలెక్కి, ఇంటింటికీ ఇంటర్నెట్ తీగ లాగింది. ఎన్నాళ్లెక్కుతుందిలే అని నవ్వినవాళ్ల ఇళ్లలోనూ ఇప్పుడు ఆమె తీగే.

ఒకసారి వీధి చివర టైలరమ్మ సీరియళ్లు చూసే యాప్ మొరాయించింది. తెర మీద చక్రం తిరగడమే తప్ప బొమ్మ రాదు. యాప్ వాళ్లకు ఫోన్ నంబరే లేదు. ఒళ్లు మండి టైలరమ్మ టెలికాం ఆఫీసులో ఫిర్యాదు చేసింది. నోటీసు మాత్రం తీగలక్కకు వచ్చింది. వెళ్లి చూస్తే తీగలో ఏ లోపమూ లేదు. ఆ యాప్ తప్ప అన్నీ శుభ్రంగా నడుస్తున్నాయి. నేను పెట్టింది నీ మీద కాదమ్మా అని టైలరమ్మ లబలబలాడింది.

ఆఫీసులో అధికారి మంచివాడే. కూర్చోబెట్టి ఉన్నమాట చెప్పాడు. తీగ లాగేవాళ్లకు లైసెన్సుంటుంది, ఫిర్యాదుకు గడువుంటుంది, తప్పితే జరిమానా. ఆ తీగలోంచి సినిమాలూ సీరియళ్లూ అమ్మేవాళ్లు తమ పరిధిలోకి రారు. వాళ్లను చూసే శాఖ వేరే ఉంది గానీ, ఏం చూపిస్తున్నారన్నదే దాని గొడవ. బొమ్మ ఎందుకు రాలేదని అడగదు. ఫైలు మూయాలంటే ఎవరో ఒకరు బాధ్యులవ్వాలి. పొరపాటైందని సంతకం పెడితే హెచ్చరికతో సరిపెడతానన్నాడు.

వెంట వచ్చిన మరిది మోచేత్తో పొడిచాడు. "పెట్టెయ్ వదినా, పీడా పోతుంది. రేపు లైసెన్సు రెన్యువల్‌కి మళ్లీ ఈయన దగ్గరికే రావాలి."

"వద్దాం. చెయ్యని తప్పు చేశానని మాత్రం రాసివ్వను," అంటూ ఆమె పెన్ను వెనక్కి జరిపింది.

"మరి ఫైలెలా మూయమంటారమ్మా?" అన్నాడు అధికారి.

"మూయకండి సార్. తప్పు మీ పరిధిలో లేనివాళ్లదని అందులోనే రాయండి. పైవాళ్లూ చదువుకుంటారు."

అతను కాసేపు నుదురు రుద్దుకుని, అలాగే రాశాడు.

ఫైలు పైకెళ్లింది. దాంతోపాటు ఆమె రెన్యువలూ నెలల తరబడి ఆగింది. తాత్కాలిక అనుమతితో, మరిది సణుగుడుతో నెట్టుకొచ్చింది. యాప్ కంపెనీకి చీమ కుట్టినట్టు కూడా లేదు. అయినా ఆమె తగ్గలేదు. యాప్‌తో విసిగినవాళ్లనల్లా వెంటబెట్టుకెళ్లి అదే ఆఫీసులో ఫిర్యాదు చేయించింది.

చివరికి లైసెన్సు ఏ మచ్చా లేకుండా చేతికొచ్చింది. ఇక శాంతించండమ్మా అన్నాడు అధికారి.

"నా పనైంది సార్. టైలరమ్మ ఎవర్ని అడగాలో అది తేలలేదుగా," అని తీగలక్క ఫిర్యాదు కాగితాలతో బయట బెంచీ మీద కూర్చున్న ఇద్దరిని లోపలికి పిలిచింది.