టెలిగ్రాంలో లేని మాట

నేను నారాయణపేటలో బడిపంతులుగా ఉన్నప్పుడు, మా పక్కింట్లో చీరలు నేసే ఒకామె తన భర్తకు నాచేత ఉత్తరాలు రాయించేది. అతను చైనా సరిహద్దులో సిపాయి. ఆమె చెప్పేవన్నీ దబాయింపులే. "తిన్నవా లేదా? కంబళి కప్పుకుంటున్నవా? సిపాయివైతే నాకేంది, జవాబియ్యి!"

యుద్ధం మొదలైన నెలకు, అతను కనబడటం లేదని టెలిగ్రాం వచ్చింది. కులపెద్దలు వచ్చి కర్మ చేయాలన్నారు, గాజులు తీయమన్నారు. ఆమె మగ్గం మీంచి లేవలేదు.

"సారూ, గా టెలిగ్రాంల చచ్చిండని రాసిన్రా?" అని నన్నడిగింది.

"లేదమ్మా. కనబడతలేడనే ఉంది."

ఆమె పెద్దల వైపు తిరిగింది. "ఇన్నరు గద! కనబడకుంటే దేవులాడుండ్రి. నా గాజుల జోలికి రాకుండ్రి."

వాళ్లు ఆమెను శుభకార్యాలకు పిలవడం మానేశారు. రాసిన ఉత్తరాలు తిరిగొచ్చేవి. అయినా ప్రతి వారం రాయించింది.

ఎండాకాలంలో అతని కార్డు వచ్చింది. ఇన్నాళ్లూ శత్రువుల చెరలో ఉన్నాడట, ఇప్పుడు విడిచిపెట్టారట, త్వరలో ఇంటికి పంపుతారట. మంచుకు కాలివేళ్లు పోయాయట. వింటూ ఆమె మొదటిసారి ఏడ్చింది. వెంటనే కళ్లు తుడుచుకుని నన్ను కాగితం తీయమంది.

"రాయుండ్రి సారూ. నడవరాకుంటే ఫికర్ చెయ్యొద్దనుండ్రి. కర్మ చెయ్యమన్నోళ్లందర్ని ఎంటబెట్టుకొని స్టేషన్ కాడికి నేనే వస్తనని రాయుండ్రి."