సగం ముద్ద పెట్టిన అక్క

మా ఇంటికి పాలు పోసే అక్క పోయిందని సోమవారం పొద్దున వాళ్ళ వీధి మనిషి పాలచెంబుతో వచ్చి చెప్పింది. "ఆ యక్క నిన్న పోయింది పంతులమ్మా. రెండు దినాలు జ్వరం, దాంతోనే తిరగతా ఉండింది, అంతే. ఆ ఇంట్లో అంటు కదా, కర్మంతరం అయ్యేదాకా నేను పోస్తా. ఎప్పటి మాదిరే అరసేరేనా?" అంది. నేను అరసేరే అన్నాను. పాలు పోయించుకుని, పొయ్యి మీద పెట్టి, అవి పొంగేదాకా చూస్తూ నిలబడ్డాక గానీ ఆమె మొదట చెప్పిన మాట నా బుర్రకెక్కలేదు. వీధిలోకి పరుగెత్తేసరికి ఆమె మలుపు తిరిగిపోయింది.

ఆ అక్క మాకు చుట్టం కాదు. ఆమె గురించి నేనెందుకు రాస్తున్నానని మీరు అడగొచ్చు. రాయాలంటే ముందు నా తప్పు చెప్పుకోవాలి. ఆ తప్పులో నాది ఎంత, ఇంకొకరిది ఎంత అనేది నాకు ఈ రోజుకీ తేలలేదు.

మా పలమనేరు చలి కింద తిరుపతిలో ఉండేవాళ్ళకు చెప్పినా నమ్మరు. పొద్దెక్కినా మంచు విడవదు. మా ఇంటాయన రేణిగుంటలో రైలు పనిలో ఉన్నారు, నెలకొకసారి వస్తారు. ఇంట్లో నేనూ, డెబ్బై దాటిన మా అమ్మా. నాకు ఊరి ఆ చివర ఆడపిల్లల బడిలో ఉద్యోగం. పోయిన ఏడు కార్తీకం దాటగానే అమ్మ తిండి తగ్గించేసింది. నేను తెల్లారే లేచి రాగిసంగటి కెలికి, ముద్ద కట్టి, మూత పెట్టి బడికి పోయేదాన్ని. సాయంత్రం వచ్చి చూస్తే ముద్దలో ముప్పాతిక అలాగే ఉండేది. "ఆకలి లేదు మే" అనేది అమ్మ. రాత్రికి చీకట్లో ఇన్ని పాలు తాగి పడుకునేది. వయసు అయిపోతోంది, ఇంక ఇంతేనేమో అని ఇరుగు పొరుగు వాళ్ళు ముఖాలు పెట్టేవాళ్ళు. నాకు మాత్రం అమ్మను ఈ చలి దాటించాలని ఉండేది. పుట్టింటి తరఫున నాకున్నది ఆమె ఒక్కతే.

ఆ గోడు ఒకరోజు పాలు పోసే అక్క దగ్గర వెళ్ళబోసుకున్నాను. ఆమె చెంబు కింద పెట్టి, లోపలికి వచ్చి, అమ్మ పాదాలు పట్టి చూసింది. "కాళ్ళు మంచుగడ్డలైతే కూడు యాడ సయిస్తాది పంతులమ్మా? మజ్జానం పూట నేనొచ్చి పెడతాలే" అంది. ఆ పూట ఆమె కూడా మా ఇంట్లోనే తినేటట్టు మాట్లాడుకున్నాం. అంతకు మించి ఆమె ఏమీ అడగలేదు.

ఆమె పద్ధతి ఆమెది. ముందు అమ్మను పెరట్లో ఎండ తగిలే గోడకు ఆనించి కూర్చోబెట్టేది. పాదాలు వెచ్చబడేదాకా పొయ్యి రాజేసేది కాదు. తాగడానికి వేణ్ణీళ్ళే. ముద్దలోకి పూటకు ఒకటి: ఉలవకట్టో, మునగాకు వేసిన పప్పో, మిరియాల చారో. అనపకాయల కాలం కదా, గింజలు నానబెట్టి తొక్క పితికి, పళ్ళు లేని నోటికి నలిగేటట్టు మెత్తగా పితికిపప్పు చేసేది. ఆ గింజలు పితకడంలో మా అమ్మ ఒకప్పుడు వీధికంతా పేరు మోసిన మనిషి. ఆ ఏడు మాత్రం చేటలో చెయ్యే పెట్టలేదు. "గింజ గట్టిగా ఉండాది" అని తప్పించుకుంది. నేను నవ్వి ఊరుకున్నాను.

పుష్యం వచ్చేసరికి అమ్మ బుగ్గలు కాస్త నిండాయి. నాకు సంతోషం పట్టలేదు. ఆ సంతోషం నిలబడనిచ్చానా అంటే, లేదు.

ఒకరోజు తుంపర పడుతుంటే బడి ఒంటిపూటకే వదిలారు. నేను ఇంటికి వచ్చేసరికి వంటింటి తలుపు మూసి ఉంది. తోసుకుని పోతే, అమ్మ గిన్నెలో సగం ముద్ద. మిగతా సంగటి కుండలో, నిప్పుల మీద, మూకుడు కింద దాచి ఉంది. మా పక్క పెద్దవాళ్ళకు సగం ముద్ద పెట్టడమంటే చిన్నబుచ్చడమే. పైగా కంట్రోలు రోజులు, రాగులకు కూడా వెతుక్కునే కాలం. నా నోరు నా చేతిలో లేకుండా పోయింది. "ముసలామె నోటికాడ కూడు లాక్కుంటావా అక్కా? అందుకేనా తలుపు మూసుకోవడం?" అన్నాను. అంతకంటే పాడు మాటలే అన్నాను, ఇక్కడ రాయలేను. అక్క ఏదో చెప్పబోయి అమ్మ వైపు చూసింది. తర్వాత చెయ్యి కడుక్కుని లేచి, "సరే పంతులమ్మా, రేపటి నుంచి నువ్వే పెట్టుకో" అని వెళ్ళిపోయింది. అమ్మ చేతులు కొంగులో దాచుకుని గోడవైపు తిరిగింది.

మరునాడు పొద్దున పాలు మామూలుగానే వచ్చాయి. ఆ అక్కే పోసింది. ముఖంలో కోపం లేదు. "చలి ఎక్కువైంది కదా" అని మాత్రం అంది. నాకేమీ అర్థం కాలేదు. తప్పు చేసిన మనిషైతే ముఖం చాటేయాలి, చేయనిదైతే నన్ను నిలదీయాలి. ఈమె రెండూ చేయలేదు.

మధ్యాహ్నం సెలవులో నేనే పరుగున వచ్చి పెట్టడం మొదలుపెట్టాను. గౌరవంగా నిండు ముద్ద పెట్టేదాన్ని. అమ్మ గోడవైపు తిరిగి కూర్చుని మెల్లగా, మరీ మెల్లగా తినేది. సగం కాగానే "చాలు" అనేది. మిగిలినది తీసి చూస్తే చల్లారి రాయిలాగా ఉండేది. పది రోజులకు గానీ నాకు వెలగలేదు. అమ్మకు ఆకలి లేక కాదు. నిదానంగా తినే మనిషికి ఆ చలిలో ముద్ద మధ్యలోనే గట్టిపడుతోంది. అందుకే ఆ అక్క సగమే పెట్టి, మిగతాది నిప్పుల మీద వేడిగా ఉంచేది. నా చదువంతా ఏం చదువో అనిపించింది.

నేనూ అలాగే సగం సగం పెట్టి చూశాను. అయినా అక్క దగ్గర తిన్నంత అమ్మ నా దగ్గర తినలేదు. బుగ్గలు మళ్ళీ లోపలికి పోయాయి. చివరికి ఒకరోజు పాలు పోయించుకుంటూ, తల వంచుకుని, "మజ్జానం నువ్వే రా అక్కా" అన్నాను. తప్పయిందని అనలేదు. అనాలనుకున్నాను, నోరు రాలేదు. ఆమె "వస్తాలే. తలుపు మాత్రం మూసుకుంటా" అంది. ఎందుకని నేనూ అడగలేదు. ఆ చలి దాటింది, వాన దాటింది, మళ్ళీ చలి వచ్చింది. ఇన్నాళ్ళలో తప్పయిందనడానికి నాకు ఒక్క పొద్దు కుదరలేదు.

కబురు విన్న ఆ సోమవారం బడికి పోలేదు. అమ్మకు కబురు చెప్పాను. అమ్మ ఏడవలేదు. "మజ్జానం ఎవరు పెడతారు?" అంది. నాకు ఒళ్ళు మండింది. "నేనే పెడతా" అన్నాను. అమ్మ "అట్లయితే తలుపు మూసి రా" అంది.

మూసి వచ్చాక కొంగు చాటు నుంచి కుడిచెయ్యి బయటికి తీసి నా ముందు పెట్టింది. వేళ్ళు వణుకుతున్నాయి. ఆపాలని ఎడమచేత్తో పట్టుకుంది. అదీ వణికింది.

"పోయినేడు చలి మొదలు ఇంతే. తుంచింది నోటికి పోకుండానే ఒళ్ళో పడతాది. ఆ యమ్మే తినిపించేది. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నా" అంది.

"నేను అన్నన్ని మాటలు అన్నప్పుడైనా చెప్పొచ్చు కదమ్మా?"

"చెప్పబోయింది. నేనే తల ఊపినా, వద్దని. పెంచి పెద్ద చేసిన బిడ్డ ముందర నోరు తెరుచుకోని కూర్చునేదానికి నాకు సిగ్గు మే."

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు. సిగ్గు దాచుకున్న అమ్మ మీదా, ఒట్టు తప్పని అక్క మీదా, చూసి కూడా చూడని నా మీదా? ఒకే ఇంట్లో ఉండి ఏడాది పొడుగునా ఆ చెయ్యి చూడలేకపోయాను. పాలు పోసే మనిషి ఒక్క పూటలో చూసింది.

సంగటి దింపి సగం ముద్ద పెట్టాను. అమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని నోరు తెరిచింది. గొంతుకు అడ్డం పడకుండా ఎంత తుంచాలో నాకు తెలియదు. అడుగుదామంటే ఆ అక్క లేదు. వేళ్ళు కాలుతుంటే కొంచెం తుంచి, పులుసులో ముంచి నోట్లో పెట్టాను. అమ్మ కష్టం మీద మింగింది.

"ఇంకా చిన్నగా" అంది, కళ్ళు తెరవకుండానే. మళ్ళీ నోరు తెరిచింది.