గోడకి తిరగండి!

గిటార్లు చేసే మావయ్యకి ఒక్కటే పిచ్చి. కొట్టుకి ఎవరొచ్చినా సరే, కూర్చోమనడు, మంచినీళ్ళివ్వడు, ముందు గోడకి తిప్పి నిలబెడతాడు. వచ్చినవాళ్ళు పొరపాటున "రోజ్‌వుడ్" అన్నారా, ఇక అయిపోయారే. "గోడకి తిరగండి!" అని ఒక్క కేక. పోలీసు ఇన్‌స్పెక్టరంతటివాడు కూతురికి గిటారు కొందామని వచ్చి, ఆ కేకకి తిరగడమే కాదు, చేతులు కూడా పైకెత్తేశాడు. వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ గోడ మాస్టారే.

గోడకి తిరిగినవాళ్ళ వీపు వెనక కూర్చుని మావయ్య రెండు గిటార్లు వాయించేవాడు. ఒకటి రోజ్‌వుడ్‌ది. అరుదుగా దొరికే చెక్క, నల్లగా నిగనిగలాడుతూ, ధర అడిగితే కాస్త గోడ పట్టుకుని నిలబడాల్సినంత ఖరీదు. రెండోది, మూతపడిన ఒక బడిలోని పాత బెంచీ విరిచి చేసింది. రెండింటికీ ముందు పలక ఒకే రకం చెక్క. తేడా అంతా వెనకా పక్కలా.

"చెప్పండి, ఏది బాగుంది?"

"రెండోదండీ. అబ్బ, ఏం గంభీరం! ఎంతైనా రోజ్‌వుడ్ రోజ్‌వుడ్డే."

వెనక్కి తిరిగి చూస్తే మావయ్య ఒళ్ళో బెంచీ ఉండేది.

పళ్ళ డాక్టరు మాత్రం ఒప్పుకోలేదు. మూడుసార్లు తిరిగి మూడుసార్లూ ఓడిపోయాడు. "మీరు కావాలనే రోజ్‌వుడ్‌ని సరిగ్గా వాయించట్లేదు," అన్నాడు.

"అయితే మీరే వాయించండి."

"నాకు రాదు. నేర్చుకుందామనే కొంటున్నాను."

"నేర్చుకోడానికి రోజ్‌వుడ్ ఎందుకండీ? మీరు బంగారు పళ్ళు కట్టినంత మాత్రాన మనిషి బాగా నమిలేస్తాడా?"

డాక్టరు విసురుగా వెళ్ళిపోయాడు. లోపల్నుంచి అత్తయ్య పరుగెత్తుకొచ్చింది. "ఆయన డబ్బు చేత్తో పట్టుకుని వచ్చాడండీ!"

"పట్టుకునే వెళ్ళాడుగా? మనదేం పోయింది?"

ఇంట్లోనూ అదే గోల. ఒకరోజు రెండు రకాల కాఫీ పొడి తెచ్చి అత్తయ్యని గోడకి తిరగమన్నాడు. "ఈ ఇంట్లో కాఫీ పెట్టేది నేను. మీరే తిరగండి," అంది అత్తయ్య. ఆయన బుద్ధిగా తిరిగాడు. ఆవిడ కప్పులు అక్కడే పెట్టి పక్కింటికి వెళ్ళిపోయింది. వచ్చి చూస్తే మనిషి ఇంకా గోడకే ఉన్నాడు. "ఇంకా మరగలేదా?" అని అడిగాడు.

ఈ వేడుకంతా ఒక మూల కూర్చుని చూస్తుండేది మేనకోడలు. పదో తరగతి మధ్యలో వాళ్ళమ్మ మంచాన పడితే బడి మానేసి, తర్వాత మావయ్య దగ్గర పనికి చేరింది. నోట్లోంచి మాట రాదు. "దీనికంటే దీని నీడ నయం, అప్పుడప్పుడైనా ఎదురుగా వచ్చి నిలబడుతుంది," అనేది అత్తయ్య. మొదట గరుకు కాగితంతో చెక్కలు రుద్దింది. తర్వాత చిత్రిక పట్టింది. ఆ తర్వాత లోపలి బద్దలు ఎంత సన్నగా చెక్కితే పలక ఎలా పలుకుతుందో, గోటితో కొట్టి వింటూ వింటూ పట్టేసింది.

ఆ బెంచీ గిటారు ఆమె చేసిందే. ఆమె చేసిన మొట్టమొదటి గిటారు. బెంచీ పలక మీద ఏ పిల్లవాడో మేకుతో "7 × 8 = 54" అని చెక్కాడు. ఆమె దాన్ని చిత్రిక పట్టబోతే మావయ్య గాభరాగా ఆపేశాడు. "ఒద్దొద్దు! అది పోతే నాదం పోతుంది. లోపలి వైపుకి పెట్టు."

చెక్కలో ఏమీ లేదని ఊరంతా చాటే మనిషి ఈ మాట అనడమేంటి మావయ్యా, అని ఆమె అడిగింది. మనసులోనే. ఆమె ప్రశ్నలన్నీ అక్కడే ఉండేవి.

ఆమె బాధ కూడా అక్కడే ఉండేది. తన మొదటి గిటారు పట్టుకుని మావయ్య రెండేళ్ళుగా ఊరికి చవకరకం అంటే ఏమిటో చూపిస్తున్నాడు. "ఇదిగో, ఇది చెత్తలోంచి వచ్చిన చెక్క!" అని పైకెత్తి చూపించేవాడు. జనం నవ్వేవాళ్ళు. ఎవరు చేశారో ఒక్కసారైనా చెప్పలేదు. చెప్పుకోదగ్గ పనైతే చెప్పేవాడే కదా, అనుకునేది ఆమె.

కొట్టులో మావయ్య స్వయంగా ఊడ్చే చోటు ఒకే ఒక్కటి ఉంది. చెక్కల బీరువాకీ కిటికీకీ మధ్య, జనాన్ని నిలబెట్టే ఆ గోడ మూల. "అటు నువ్వు రాకు, అది నా మూల," అనేవాడు మేనకోడలితో. చీపురంటే ఏమిటో తెలియని మనిషికి ఆ మూల మీద ఎందుకంత ప్రేమో అత్తయ్యకే అంతుపట్టలేదు. ఒకసారి ఇన్‌స్పెక్టరు గోడకేసి చూస్తూ, "మీ పాపకి కొలతలు పెడుతున్నట్టున్నారే?" అన్నాడు.

"అవునండీ. రోజురోజుకీ పెరిగిపోతోంది," అన్నాడు మావయ్య.

ఆయనకి పిల్లలే లేరు. పోలీసులకి కూడా అబద్ధాలు చెబుతున్నాడు, అనుకుంది మేనకోడలు.

ఒక శనివారం భోజనాల దగ్గర అత్తయ్య ఒక మాట చెప్పింది. "బట్టల కొట్టువాళ్ళు మన పిల్లని సోమవారం నుంచి రమ్మన్నారు. మడతలు పెట్టే పని. నీడపట్టున ఉంటుంది. అదీ సరేనంది."

మావయ్య ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మేనకోడలి వంక చూశాడు. ఆమె తల దించుకుంది. "నాకు ఈ పని రాదు మావయ్యా," అంది మెల్లగా. ఆయన లేచి, చెయ్యి కడుక్కుని, వెళ్ళి ఆ మూల ఊడ్చుకున్నాడు.

సరిగ్గా అప్పుడే కచేరీలు చేసే పెద్దావిడ వచ్చింది. తల ముగ్గుబుట్ట, వేళ్ళు మాత్రం ఇనుప కడ్డీలు. చంకలో దుప్పటి చుట్టిన చెక్క.

"మాస్టారూ, ఇది రోజ్‌వుడ్. ఇరవై ఏళ్ళుగా మంచం కింద దాచాను. మా ఆయన్ని కూడా ఇంత జాగ్రత్తగా చూసుకోలేదు. దీంతో గిటారు చేయిస్తే నిజంగా బాగా పలుకుతుందా, లేక ఇన్నాళ్ళూ నేను వెర్రిదాన్నా? తేల్చి చెప్పండి."

మావయ్య కళ్ళు మెరిశాయి. "గోడకి తిరగండి!"

"నేనెందుకు తిరుగుతాను? వాయించేది నేను. మీరు తిరగండి."

మావయ్యని గోడకి తిప్పిన బయటి మనిషి అంతవరకూ లేడు. చెవి వెనక పెన్సిలు సర్దుకుని, తిరిగాడు. ఆవిడ రెండు గిటార్లూ ఒళ్ళోకి తీసుకుని, ఒకే పాట రెంటి మీదా వాయించింది.

"మొదటిది బెంచీ. రెండోది రోజ్‌వుడ్," అన్నాడు మావయ్య, గోడకి. "రెండోదే గంభీరంగా పలికింది, ఇందులో సందేహం లేదు."

"ఇటు చూడండి."

చూశాడు. రెండోది బెంచీ.

"ఓడిపోయానే!" అని ఒక్క అరుపు అరిచాడు మావయ్య. అత్తయ్య గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందండీ?"

"ఓడిపోయానే! ముప్పై ఏళ్ళ చెవులివి, ఓడిపోయాయి!"

"ఓడిపోతే గంతులేస్తారా ఎవరైనా?"

పెద్దావిడ ఇవేమీ వినడం లేదు. బెంచీ గిటారు రంధ్రంలోకి తొంగి చూస్తోంది. "ఏడెనిమిదులు యాభైనాలుగట. రాసినవాడెవడో గానీ, ఈ బద్దలు చెక్కిన చెయ్యి మాత్రం ఒక్క వెంట్రుకవాసి తప్పలేదు. ఎవరిదీ పని?"

మేనకోడలు అప్పటికే పెరటి తలుపు దాకా వెళ్ళిపోయింది.

"ఆగవే!" అన్నాడు మావయ్య. "ఇలా రా. గోడకి తిరుగు."

రెండేళ్ళలో ఆమెని ఆ మాట అనడం అదే మొదలు. వచ్చి తిరిగింది.

గోడ మీద పెన్సిలుతో రెండు నిచ్చెనలు గీసి ఉన్నాయి. వేలెడు ఎడంతో ఒక గీత, దాని మీద ఇంకో గీత, కింద నుంచి పైకి. మొదటి నిచ్చెన అడుగున "రోజ్‌వుడ్" అని ఉంది. అది ఆమె నడుం దాకా వచ్చి ఆగింది. రెండో దాని అడుగున "మా పిల్ల" అని ఉంది. అది గడ్డం దాటి, ముక్కు దాటి, నుదుటి దాకా పాకింది.

"గిటారు బాగుందన్న ప్రతి మనిషికీ ఒక గీత," అన్నాడు మావయ్య వెనకనుంచి. "నువ్వు చేశావని ముందే చెబితే నీ వయసు చూస్తారు, నీ చదువు చూస్తారు, చెవులు మూసుకుంటారు. అందుకే అందర్నీ తిప్పాను. నీకు చెబుదామంటే, మొహం మీద మెచ్చుకుంటే పారిపోయే రకానివి. నిచ్చెన నీ తల దాటాక చూపిద్దామనుకున్నా. నువ్వేమో సోమవారమే పోతానంటివి."

గోడకి తిరిగి ఉంది కాబట్టి ఆమె మొహం ఎవరికీ కనిపించలేదు. ఎంత ఏడ్చిందో, ఎంత నవ్విందో గోడకే తెలుసు.

"మరి నా చెక్క సంగతి?" అంది పెద్దావిడ. "నేను వెర్రిదాన్నేనా?"

మావయ్య నోరు తెరిచేలోపు, గోడ వైపు నుంచి సన్నటి గొంతు వచ్చింది.

"మీ చెక్కతో చేస్తే చూడ్డానికి చాలా బాగుంటుందండీ. వినడానికి కూడా బాగుండాలంటే నాకు మూడు నెలలు కావాలి."

అత్తయ్య చేతిలో గరిటె జారి కిందపడింది. పిల్ల ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం ఆవిడ ఎరగదు. "బట్టల కొట్టుకి నేనే వెళ్ళి చెప్పొస్తాలే," అంది.

మావయ్య చెవి వెనక పెన్సిలు తీసి మేనకోడలికిచ్చాడు. "పెద్దావిడదొకటి, నాదొకటి. నువ్వే గియ్యి." మొదటి గీత పాపిట దగ్గర పడింది. రెండోది గీసి, చెయ్యి వాల్చి చూసుకుంటే, గీత తల మీదుగా ఉంది. నిజంగానే పిల్ల పెరిగింది.

ఇప్పుడు ఆ కొట్టు నడిపేది ఆమే. మావయ్య అరుగు మీద కూర్చుని, వచ్చేవాళ్ళని ముందే భయపెట్టి లోపలికి పంపిస్తుంటాడు. బెంచీ గిటారు ఎంతిస్తామన్నా అమ్మలేదు. కొనేవాళ్ళు గోడకి తిరగడం అలాగే ఉంది. ఒక్కటే తేడా. విని వెనక్కి తిరిగి, "ఎంత బాగా చేశావమ్మా!" అని ఎవరైనా మెచ్చుకోబోతే, ఆమె కనిపించదు.

పక్కనే, గోడకి తిరిగి నిలబడి ఉంటుంది.