నేను రాకున్నా దిగిన గీత

తెల్లవారుతుండగా అక్క ఫోన్ చేసింది. జనగామలో ఇంటి ముందర కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయాడు, మా పెద్దబావ. నేను మానుకోటలో రైలెక్కి అక్కడికి చేరేసరికి అక్క మాట్లాడే స్థితిలో లేదు. పిల్లలు టెంటు వేయించే పనిలో ఉన్నారు. చుట్టాలకు కబురు చెప్పే పని నా మీద పడింది. చెప్పాను. సగం మంది నమ్మలేదు. కురవిలో ఉండే మా చిన్నమ్మయితే, సావు మీద గూడ పరాచికాలేందిరా అని తిట్టి ఫోన్ పెట్టేసింది. మళ్ళీ కలిపి అక్క చేతికిచ్చాను. అక్క ఏడుపు విన్నాక నమ్మింది.

తప్పు చిన్నమ్మది కాదు. నేను మోటర్లు, ఫ్యాన్లు వైండింగ్ చేస్తాను. బేరమాడి సతాయించినవాడికి ఫ్యాను ఎదురు తిరిగేటట్టు కట్టి ఇస్తాను. గాలంతా పైకి పోతుంటే వాడు కింద కూర్చుని చెమట తుడుచుకుంటాడు. ఇట్లాంటి పనులు ఒక వయసు దాకా చేస్తే, ఆ తర్వాత మానుకున్నా ఎవరూ నమ్మరు. ఇంటర్ తప్పినవాణ్ణి, రాయడం నా పని కాదు. అయినా బావ గురించి ఒక మాట చెప్పవలసింది నా దగ్గరే మిగిలిపోయింది, అందుకని రాస్తున్నాను.

బావ గురించి రాస్తే విస్కీ గురించి రాయక తప్పదు. తాగుబోతు అనుకోకండి. తాగుబోతు అయితే ఏ గొడవా లేకపోవును. సీసాలు ఖాళీ అయ్యేవి, మనిషి బయటపడేవాడు.

ఆయన భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేశాడు. అక్క పెండ్లయిన కొత్తలో నేను వాళ్ళ కంపెనీ క్వార్టర్‌కు పోతే, షిఫ్టు దిగి తానం చేసి, వైన్సుకు పోయి ఒక క్వార్టరు సీసా తెచ్చుకునేవాడు. పేరు కూడా చూసేవాడు కాదు. గొంతులో బొగ్గుదుమ్ము దిగాలి, అంతే. ఖాళీ అయిన సీసాలో అక్క కొబ్బరినూనె పోసుకునేది. ఆ ఇంట్లో సీసాకు అప్పుడు అంతకుమించి మర్యాద లేదు.

బోనస్ వచ్చిన ఒక దీపావళికి ఫుల్‌బాటిల్ కొన్నాడు. ఫుల్లు కొన్నవాడు క్వార్టరు కొన్నవాడి వంక ఎట్లా చూస్తాడో మీకు తెలుసు. అప్పటి నుంచి పేరు చూసి కొనడం మొదలైంది. కొన్నేండ్లకు డబ్బా అందం చూసి. ఆ తర్వాత లేబుల్ మీద వయసు చూసి. పద్దెనిమిదేండ్లు పీపాలో నిలవున్నదని ఒక సీసా మీద రాసి ఉంటే, కండ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చదివి, "నేను బాయిల ముప్పై ఏండ్లున్న. నా మీద ఎవడన్న రాసిండా బామ్మర్దీ" అన్నాడు. ఆయన అన్న మాటల్లో నాకు బాగా గుర్తున్నది ఇదే.

చిక్కు మొదలైంది దుబాయి సీసాతో. తోటి కార్మికుని కొడుకు సెలవు మీద వస్తూ తెచ్చి ఇచ్చాడు. బావ దాన్ని ఆ రాత్రి తెరవలేదు. మంచిరోజు చూసి తీద్దామన్నాడు. నేను చాలా మంచిరోజులు చూశాను. ప్రమోషన్ వచ్చింది. పెద్దోడికి ఉద్యోగం వచ్చింది. చిన్నోడి లగ్గమైంది. ప్రతిసారీ ఆ సీసాను బయటికి తీసి, తువ్వాలతో తుడిచి, దీనికి తగ్గ రోజు ఇది కాదని లోపల పెట్టేసేవాడు. వచ్చినవాళ్ళకు వైన్సు నుంచి వేరేది తెప్పించేవాడు. కొడుకు పెండ్లికన్నా పెద్ద రోజు ఏముంటది బావా అని అడిగితే నవ్వి ఊరుకునేవాడు.

దానికి తోడు కావాలన్నట్టు ఇంకోటి వచ్చింది. ఇంకోటి. రేగొండలో మిలిట్రీ నుంచి రిటైరై వచ్చిన ఒకాయనతో దోస్తీ చేశాడు. గల్ఫ్ నుంచి ఎవరు దిగినా పోయి పలకరించేవాడు. చివరికి ఒకే రకం రెండేసి తెప్పించడం నేర్చాడు, ఒకటి తాగడానికి, ఒకటి దాచడానికి. తాగేది ఎప్పుడు తాగుతవంటే, జోడు విడదీస్తమా అన్నాడు. అట్లా రెండూ అలమారాలోకే పోయేవి. తను మాత్రం రాత్రి స్టీలు గ్లాసులో ఆ పాత క్వార్టరే పోసుకుని, అద్దం తలుపుల ఎదురుగా కూర్చుని తాగేవాడు. సగం జీతం పెట్టి కొన్నవి లోపల, ఆయన బయట. ఎవరిని ఎవరు కావలి కాస్తున్నారో అర్థమయ్యేది కాదు.

అక్క వాటిని సవతులు అనేది. సవతులకు దుమ్ము తుడిచిన, ఇగ నీకు చాయ్ పెడత అనేది నాతో. అలమారా నిండాక అక్క చీరలు మంచం కింద ట్రంకులోకి పోయాయి. కురవి వీరభద్రస్వామి జాతరకు ఇద్దరూ కలిసి రావడం మానేశారు. ఇల్లు తాళం వేసి పోతే ఎట్లా అని బావ. అక్క ఒక్కతే వస్తే బావ రాలేదేమని అడిగేవాళ్ళకు, ఒంట్లో బాగలేదని చెప్పేది. మనిషి రాయిలా ఉన్నాడని నాకు తెలుసు.

నేను ఊరుకుంటానా. ఒక ఖాళీ విదేశీ సీసా సంపాదించి, చాయ్ డికాషన్ కాచి వడగట్టి పోసి, మూతకు మోటర్లకు వాడే వార్నిష్‌తో సీలు వేసి పుట్టినరోజుకు ఇచ్చాను. బావ దాన్ని వెలుతురుకు పట్టి, ఇటూ అటూ తిప్పి, మూత దగ్గర ఒక్కసారి వాసన చూసి, "చాపత్తి జర తక్కువైంది బామ్మర్దీ" అన్నాడు. అట్లా నవ్వగలిగిన మనిషి. నా మీద ఎన్నడూ కోపం పట్టుకోలేదు. నా పిల్లల ఫీజులు ఆగినప్పుడు, నేను అడగకముందే మానుకోట వచ్చి, దుకాణంలో స్టూలు మీద కూర్చుని, వేరే ఏదో మాట్లాడుతూ జేబులో పెట్టిపోయిన మనిషి.

రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి జనగామలో కట్టుకున్న ఇంటికి రావాలి. సామాను అంతా ఒక్క డీసీఎం వ్యానులో వచ్చింది, సీసాలు తప్ప. ఇంట్లో ఇన్నిటికన్నా ఎక్కువ ఉంచుకోవద్దని సర్కారు లెక్క ఏదో ఉంటుందని విన్నాడు. ఆ లెక్క ఎంతో తెలియదు. అడిగితే ఎందుకడుగుతున్నవని అంటారని భయం. అమ్మితే నేరం. ఒకరికి ఇస్తే ఇంకొకరికి కోపం. అక్క చీరల్లో చుట్టి, సంచిలో కొన్ని కొన్నిగా, బస్సులో ఒళ్ళో పెట్టుకుని మోశాడు. రేగొండ దగ్గర పోలీసు జీపు కనిపిస్తే చాలు, తల కిటికీ వైపు తిప్పి నిద్ర నటించేవాడట. ఇదంతా చెప్పి, "బాయిలకెల్లి రోజు పైకొచ్చిన గని, గీ అలమారలకెల్లి వస్తలేను" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

జనగామ ఇంట్లో అలమారా పడమటి గోడకు వచ్చింది. ఎండాకాలం ఆ గోడ మీద చెయ్యి పెట్టలేము. రెండు మూడు ఎండాకాలాలు పోయాక ఒకనాడు నేను పోయినప్పుడు, దుబాయి సీసా మీద నల్ల స్కెచ్ పెన్నుతో గీసిన చిన్న చిన్న గీతలు కనిపించాయి. పక్కన ఇంకో సీసా మీద కూడా. అట్టడుగు గీత కన్నా విస్కీ కొంచెం కిందికి ఉన్నది. ఏందక్కా గిదని అడిగితే అక్క వంటింట్లోకి పోబోయింది. కొంగు పట్టుకుని అడిగితే చెప్పింది. సీలు తీయకుండానే ఎవరో సూది పెట్టి లాగుతున్నట్టు సరుకు తగ్గుతున్నదట. "నువ్వు అచ్చిపోయినప్పుడల్లా సూసి గీస్తడురా" అన్నది.

చాయ్ నీళ్ళకు సీలు వేసినవాడికి, సీలు చెదరకుండా లాగడం ఒక లెక్కా. బావ స్థానంలో నేనున్నా నన్నే అనుమానించేవాణ్ణి. అయినా, ఎన్నో చేశాను, ఇది చేయలేదు. చేయలేదని ఎవరికి చెప్పాలి, చెబితే నవ్వుతారు. వండిన కూర తినకుండా రైలెక్కాను. ఆ ఎండాకాలం పోలేదు. వానాకాలమూ పోలేదు. బతుకమ్మకు అక్క పిలిచినా, మోటర్ల పని ఎక్కువున్నదన్నాను.

చలి మొదలయ్యాక బావ ఫోన్ చేశాడు. ఇంట్లో నుంచి కాదు, వెనుక రోడ్డు మోత వినిపిస్తోంది.

"నువ్వు రాకున్న గీత దిగింది, బామ్మర్దీ" అన్నాడు.

మరి ఎవలు తాగిండ్రు బావా అని అడిగాను.

"ఎండ తాగింది. మూతలు ఎండి, పగుళ్ళకెల్లి పోతాంది. మనం తాగకుంటే అది ఆగుతదనుకున్న."

మర్నాడే పోయాను. బావ దుబాయి సీసా దించాడు. అక్క పల్లీలు వేయించి ఇచ్చి పక్కింటికి పోయింది. ఆయన మూత మీద చెయ్యేసి, ఇయ్యాల ఏమున్నదిరా అని నన్ను అడిగాడు. నేను దొంగను కాదని తేలింది, అంతకన్న ఏం గావాలె అన్నాను. కండ్లలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. చెయ్యి మాత్రం మూత మీదే ఉన్నది. నవ్వు అయిపోయింది, పల్లీలు చల్లారాయి, చెయ్యి తిరగలేదు. ఇంకేదైనా అయితే లాక్కుని తెరిచేవాణ్ణే. ఆ వేళ్ళను చూస్తే మనసొప్పలేదు.

"కొనుడు బంద్ చేసిన. తాగుడు మొదలువెట్ట చాతనైతలేదు. నడుమ ఇరుక్కున్న" అన్నాడు.

తర్వాత జేబులోంచి స్కెచ్ పెన్ను తీసి నాకిచ్చి, ఈసారి నువ్వు గియ్ అన్నాడు. విస్కీ ఎంతవరకు ఉన్నదో అంతవరకు చూసి సీసా మీద గీత గీశాను. నా చేతిరాత లాగే అది కూడా వంకరగా వచ్చింది. ఇద్దరం బయటికి పోయి ఒక క్వార్టరు తెచ్చుకుని తాగాము. తన అనుమానం తప్పని ఆయన అక్కకు చెప్పినట్టు లేదు. పెద్దమనిషి, చెప్పుకోలేకపోయి ఉంటాడు. నాకు చెప్పాడు, చాలనుకున్నాను.

దినాల నాడు భోజనాలయ్యాక పెద్దోడు అలమారా తెరిచాడు. ఇంటి నిండా మగవాళ్ళు. బాపు దాచినవి బాపు పేరు మీదనే అయిపోవాలన్నాడు. దుబాయి సీసా తీసి కిటికీ వెలుతురుకు పట్టాడు. మెట్లలాగా గీతలు అందరికీ కనిపించాయి.

"ఓ మామా, బాపు గీత మీద గీత గీసిండు, నువ్వు గీత కిందికి గీత కిందికి తాగినవ్" అన్నాడు పెద్దోడు. చావింట్లో పదకొండు రోజులుగా నవ్వు లేదేమో, అందరూ గట్టిగా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే, అలవాటు కొద్దీ, "మీ బాపునే అడుగు" అన్నాను.

నవ్వుతున్నవాళ్ళు చూపు తిప్పుకున్నారు. పెద్దోడు తల దించుకున్నాడు. అక్క వంటింటి గడప దాటి వచ్చి నా భుజం మీద చెయ్యేసింది.

"పోనియ్‌రా. తాగితే తాగినవు. మీ బావ నిన్ను ఎన్నడన్న తప్పువట్టిండా" అన్నది.

సీసా ఇంకా పెద్దోని చేతిలోనే ఉన్నది, ఎండ దాన్ని దాటి నేల మీద పడుతున్నది. పై గీతలన్నీ తిన్నగా, కొలబద్ద పెట్టినట్టున్నాయి. అట్టడుగుది వంకరగా ఉన్నది. దాని కింద గోరంత ఖాళీ, ఆ కింద విస్కీ. ఆ గోరంతకు ఇంకా ఎవరూ గీత గీయలేదు.